నువ్వా, మీరా, ఒరేయా: 1939 నాటి ‘వదరింగ్ హైట్స్’కు తెలుగు సబ్‌టైటిళ్ళు

హీత్‌క్లిఫ్‌ని కొట్టేవాడూ ‘యూ’ అంటాడు. ప్రేమించేదీ ‘యూ’ అంటుంది. అతను డబ్బుతో తిరిగొచ్చాక మర్యాదగా పలకరించేవాడూ ‘యూ’ అనే అంటాడు. ఇంగ్లీషుకు ఆ ఒక్క మాట చాలు. తెలుగులో అయితే మొదటి లైను రాయకముందే ఎవరు ఎవరికి ఒరేయ్, ఎవరికి నువ్వు, ఎవరికి మీరు అని తేల్చుకోవాలి. ఎక్కువ తక్కువల వల్ల విడిపోయిన ఇద్దరి కథ ఇది. ఆ ఎక్కువ తక్కువలు మన భాషలో క్రియ చివర కూర్చుంటాయి. కాబట్టి ఈ సినిమాకు సబ్‌టైటిళ్ళు రాసేవాళ్ళ చేతిలో సగం కథ ఉన్నట్టే. హైదరాబాదులో ఇరవై ముప్పై మందిని కూర్చోబెట్టి పాత సినిమాలు వేసే చిన్న బృందాలు చాలానే ఉన్నాయి. ఈ సినిమా వేయాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

సినిమా గురించి అవసరమైనంత వరకు: ఎమిలీ బ్రాంటీ నవల 1847లో వచ్చింది. సామ్యూల్ గోల్డ్‌విన్ నిర్మాతగా విలియమ్ వైలర్ దీన్ని 1939లో తీశాడు. నిడివి దాదాపు 104 నిమిషాలు. లారెన్స్ ఒలివియే హీత్‌క్లిఫ్, మెర్ల్ ఓబెరాన్ క్యాథీ, డేవిడ్ నివెన్ ఎడ్గార్. హీత్‌క్లిఫ్ క్యాథీ తండ్రి ఎర్న్‌షా తెచ్చి పెంచిన అనాథ, హిండ్లీ క్యాథీ అన్న. ఎడ్గార్ పొరుగున ఉండే లింటన్ల అబ్బాయి, క్యాథీ చివరికి అతన్నే పెళ్ళి చేసుకుంటుంది. ఎర్న్‌షా ఇంటి పనిమనిషి ఎలెన్ ఈ కథంతా లాక్‌వుడ్ అనే బాటసారికి చెబుతుంది. కెమెరా గ్రెగ్ టోలాండ్. నలుపు తెలుపు ఛాయాగ్రహణానికి ఆ ఏడాది ఆస్కార్ అతనికే వచ్చింది. నవలలో 34 అధ్యాయాలుంటే సినిమా క్యాథీ చనిపోయే 16వ అధ్యాయం దగ్గరే దాదాపుగా ఆగిపోతుంది. రెండో తరం పిల్లల కథ మొత్తం లేదు. నవల చదివినవాళ్ళకు ఆ లోటు తెలుస్తుంది గానీ, దాన్ని సబ్‌టైటిళ్ళలో పూడ్చే ప్రయత్నం మాత్రం చేయొద్దు. నటుడు అనని మాట తెర మీద ఉండకూడదు.

ముందు ఒక పెద్ద కాగితం మీద పట్టిక గీయండి. అడ్డంగా పాత్రలు, నిలువుగా పాత్రలు. ఒక్కో గడిలో మూడు సంగతులు రాయాలి: ఎదురుగా ఉన్నప్పుడు ఏమని పిలుస్తారు, చాటున ఏమంటారు (వాడు, అతను, ఆయన), కథలో ఎక్కడ అది మారుతుంది. మూడోది రాయకుండా మొదలుపెడితే నలభయ్యో నిమిషం దగ్గర ఇరుక్కుపోతారు, వెనక్కి వెళ్ళి అన్నీ దిద్దాల్సి వస్తుంది.

హిండ్లీది తేలిక. చిన్నప్పటి నుంచీ హీత్‌క్లిఫ్‌ని ‘ఒరేయ్’ అంటాడు, తండ్రి పోయిన తర్వాతా అదే అంటాడు. మారేది హీత్‌క్లిఫ్ వైపు నుంచి. ముసలి ఎర్న్‌షా బతికున్నంత కాలం ఆ ఇంట్లో అతను కొడుకులాంటివాడు, హిండ్లీని ‘నువ్వు’ అంటాడు. ఆయన పోగానే హిండ్లీ అతన్ని గుర్రాల కొట్టంలోకి తోస్తాడు. ఇక ఏమనాలి? ‘మీరు’ అంటే లొంగిపోయాడని అర్థం. ‘నువ్వు’ అంటే ఆ జీతగాడి బతుకు అబద్ధమవుతుంది. సర్వనామం ఎగరగొడదామన్నా కుదరదు, ‘వెళ్తావా’, ‘వెళ్తారా’ అని క్రియే చెప్పేస్తుంది. దీనికి నాకు తెలిసిన మంచి దారి ఒక్కటే. ఆ దశలో హీత్‌క్లిఫ్ హిండ్లీతో అనే ప్రతి మాటనూ తన గురించిన వాక్యంగానో, క్రియ లేని వాక్యంగానో రాయాలి. ‘జీను వేశాను.’ ‘గుర్రం సిద్ధం.’ ‘నాకు తెలియదు.’ వినేవాడికి అందులో మర్యాదా దొరకదు, తిరుగుబాటూ దొరకదు. ఒలివియే ముఖం కూడా అక్కడ సరిగ్గా అలాగే ఉంటుంది.

క్యాథీకీ హీత్‌క్లిఫ్‌కీ మధ్య ‘నువ్వు’. లింటన్ల ఇంట్లో కొన్ని వారాలుండి, పట్టుబట్టలతో తిరిగొచ్చి, ముఖమూ చేతులూ కడుక్కోమని అతనికి చెప్పేటప్పుడు కూడా ‘నువ్వే’. మాట మారకుండానే స్వరం మారిందని అక్కడే తెలియాలి. ‘చేతులు’ అన్న మాటను గుర్తుపెట్టుకోండి. కొంచెంసేపటికి, నీకు నేను ఒట్టి మురికి చేతులుగా మిగిలానా అని అడుగుతూ హీత్‌క్లిఫ్ ఆమె చెంప మీద కొడతాడు. తర్వాత కొట్టంలోకి వెళ్ళి ఆ చేతుల్నే కిటికీ అద్దంలోకి గుద్దుతాడు. మూడు చోట్లా ఒకే చేతులు. మొదటి చోట ‘శుభ్రంగా తయారవ్వు’ అని సర్దేస్తే మిగతా రెండూ ఊడిపోతాయి. ఇంగ్లీషు సంభాషణలో ఏ నామవాచకం రెండుసార్లు వచ్చినా అది కావాలనే వచ్చిందనుకోండి, తెలుగులో కూడా ఒకే మాట పెట్టండి.

అతను డబ్బుతో తిరిగొచ్చే ఘట్టం అన్నిటికన్నా కష్టం. లింటన్ల హాల్లో అందరూ మీరు మీరు అనుకుంటారు. క్యాథీ కూడా భర్త ఎదుట హీత్‌క్లిఫ్‌ని ‘మీరు’ అనాలి. చిన్నప్పుడు గుట్ట మీద కలిసి ఆడుకున్న మనిషిని ఆమె అలా పిలవడం తెలుగు ప్రేక్షకుడికి గుచ్చుకుంటుంది. ఇంగ్లీషు వినేవాళ్ళకు ఆ బాధ స్వరంలో మాత్రమే దొరికేది, మనకు అక్షరాల్లో కూడా దొరుకుతుంది. తర్వాత విందు రాత్రి ఇద్దరూ ఒంటరిగా మాట్లాడుకునేటప్పుడు ‘నువ్వు’ తిరిగి రావాలి. ముందుగా హీత్‌క్లిఫ్ నోట రావాలి, ఆమె కొన్ని లైన్లు ‘మీరు’ మీదే బిగించుకుని ఉండాలి. హీత్‌క్లిఫ్ పెళ్ళి చేసుకునే ఎడ్గార్ చెల్లెలు ఇసబెల్లా విషయంలో తిరగేయండి. పెళ్ళికి ముందు హీత్‌క్లిఫ్ ఆమెను ‘మీరు’ అంటాడు, పెళ్ళయ్యాక ‘నువ్వు’. ఆమె మాత్రం చివరిదాకా ‘మీరు’ దగ్గరే ఆగిపోతుంది. ఎడ్గార్ మీది పగ ఆ అమ్మాయి మీద తీర్చుకుంటున్నాడని విడిగా చెప్పనక్కర్లేదు.

‘మనం’, ‘మేము’ సంగతి కూడా మర్చిపోవద్దు. ఇంగ్లీషు ‘వీ’కి ఈ తేడా లేదు. గుట్ట మీద క్యాథీ చెప్పేదంతా ‘మనం’. పెళ్ళయ్యాక ఎడ్గార్ పక్కన నిలబడి హీత్‌క్లిఫ్‌తో ‘వీ’ అన్నప్పుడల్లా ‘మేము’. ఆ రెండక్షరాలు అతని ముఖం మీద తలుపు వేసేస్తాయి. దీన్ని యంత్రానువాదానికి వదిలేస్తే ఎక్కడో ఒక చోట తారుమారవుతుంది, అది కూడా సరిగ్గా ముఖ్యమైన చోట.

యాస గురించి హైదరాబాదులో ఉన్నవాళ్ళం ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. తెలుగు సినిమా చాలా కాలం తెలంగాణ మాటను రౌడీకో పనివాడికో నవ్వించేవాడికో అప్పగించింది. కొట్టంలో ఉన్న హీత్‌క్లిఫ్‌కి తెలంగాణ యాస పెట్టి, డబ్బుతో తిరిగొచ్చాక పుస్తక భాష పెడదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. చూడ్డానికి తెలివిగా ఉంటుంది. కానీ ఆ యాస మాట్లాడే ప్రేక్షకుడు తన ఊళ్ళో కూర్చుని, తన మాటే తక్కువతనానికి గుర్తుగా తెర మీద చదవాల్సి వస్తుంది. పైగా అది కథకు కూడా తప్పు. క్యాథీ, హిండ్లీ, హీత్‌క్లిఫ్ ఒకే ఇంట్లో పెరిగారు. యాస ఉంటే ఆ ఇంటిది ఉండాలి, ముగ్గురికీ ఉండాలి. లింటన్ల ఇంటికి వెళ్ళొచ్చాక మారాల్సింది క్యాథీ భాష. అసలు ‘వదరింగ్ హైట్స్’ అన్నది ఆ ఇంటి పేరు, అందులో ‘వదరింగ్’ యార్క్‌షైర్ మాండలికపు మాట, తుపాను రోజుల్లో ఆ ఎత్తు మీద చెలరేగే గాలిని చెప్పే మాట. తెలంగాణలో ‘గాలిదుమారం’ అంటే దానికి చాలా దగ్గరగా వస్తుంది. పేరు మాత్రం మార్చకుండా ఉంచి, లాక్‌వుడ్ మంచు తుపానులో ఆ ఇంటికి చేరే మొదటి దృశ్యంలో ఎక్కడైనా గాలి ప్రస్తావన వస్తే ఆ మాట వాడుకోవచ్చు.

దొర, గడి, జీతగాడు, కొట్టం, గుట్ట ఈ కథకు చక్కగా అతుకుతాయి. ‘క్రాగ్’కు శిఖరం, కొండకొమ్ము లాంటివి వద్దు. ఖాజాగూడ బండలు చూసిన ఎవరికైనా ‘గుట్ట’ అంటే పిల్లలు ఎక్కి కోట కట్టుకునే రాళ్ళని చెప్పకుండానే తెలుస్తుంది. ‘మూర్’కు బీడు సరిపోతుంది. ఆ బీడు మీద పూసే ‘హెదర్’కు తెలుగు మాట లేదు, వెతకొద్దు. మొదటిసారి ‘ఊదా పూలు’ అని రాసి చివరిదాకా అదే ఉంచండి. ‘బాంచెన్’ మాత్రం ఎక్కడా వాడొద్దు. ఆ మాట వెనక వెట్టి చరిత్ర ఉంది, హీత్‌క్లిఫ్ ఎవరి కాళ్ళూ మొక్కడు.

‘జిప్సీ’ని జిప్సీగానే ఉంచండి. తిట్టు మాటకు సమానం వెతుకుతూ ఇక్కడ మన మధ్య బతుకుతున్న ఏ సంచార కులం పేరో, లంబాడీల పేరో పెట్టడం ఘోరం. ఎడ్గార్ ఆ తిట్టు తిట్టినప్పుడు సర్వనామం ‘వాడు’. అదే మనిషిని తర్వాత తన హాల్లో ‘ఆయన’ అంటాడు. చివర్లో మళ్ళీ ‘వాడు’. ఎడ్గార్ మంచివాడే గానీ, అతని మంచితనం ఎంతవరకు అన్నది ఈ మూడు మాటలే చెప్పేస్తాయి.

గుట్ట మీద క్యాథీ హీత్‌క్లిఫ్‌తో, నీ తండ్రి చైనా చక్రవర్తి, తల్లి ఇండియా రాణి అంటుంది. నవలలో ఈ మాట పనిమనిషిది, సినిమాలో క్యాథీకి ఇచ్చారు. నవలలో ముసలి లింటన్ ఆ కుర్రాణ్ణి ‘లాస్కర్’ కావచ్చని కూడా అంటాడు. అప్పట్లో ఇంగ్లీషు ఓడల్లో పనిచేసే మన నావికుల్ని అలా పిలిచేవాళ్ళు. తెర మీద చూస్తే ఆ నల్లటి అనాథను ఇంగ్లీషువాడైన ఒలివియే పోషించాడు, ఇండియా రాణి మాట అంటున్న మెర్ల్ ఓబెరాన్ బొంబాయిలో పుట్టింది. టాస్మేనియాలో పుట్టానని జీవితమంతా చెప్పుకుంది. 1979లో ఆమె పోయాకగానీ అసలు సంగతి లోకానికి తెలియలేదు. పుట్టుక దాచుకోకపోతే ఆ రోజుల్లో హాలీవుడ్‌లో నాయిక వేషాలు దక్కేవి కావు. ఆ లైనుకు ‘హిందూస్థాన్ రాణి’ అని రాస్తే బాగుంటుంది, ‘మన దేశపు రాణి’ అంటే మనం మధ్యలో దూరినట్టవుతుంది. ఓబెరాన్ సంగతి సినిమాకు ముందు రెండు నిమిషాల్లో నోటితో చెప్పండి. చెప్పాక ఆ దృశ్యాన్ని ఎవరూ మునుపటిలా చూడరు.

పగ తీరేది కత్తితో కాదు, అప్పుతో. లింటన్ల హాల్లో హీత్‌క్లిఫ్ చెప్పేది జాగ్రత్తగా వినండి: ఇల్లు, పశువులు, బీడు అన్నీ కొన్నానంటాడు. హిండ్లీకి ఈ సంగతి ఇంకా తెలియదంటాడు. అతని జూదం బాకీలూ తాగుడు బాకీలూ తీర్చింది ఒకప్పటి తన జీతగాడేనని తెలిస్తే ఆశ్చర్యపోతాడంటాడు. దీన్ని ‘నేను ఆ ఇల్లు కొన్నాను’ అని కుదించేస్తే ప్రేక్షకుడు అతన్ని ఒట్టి డబ్బున్నవాడిగా చూస్తాడు. బాకీ అన్న మాట తప్పకుండా ఉండాలి. కొట్టంలోకి తోసిన రోజు వాడిన ‘జీతగాడు’ ఇక్కడ అక్షరం మారకుండా తిరిగి రావాలి. నవలలో ఇది ఇంకా వివరంగా ఉంటుంది, హిండ్లీ ఎకరం ఎకరం తాకట్టు పెడుతూ పోతాడు, తాకట్టు పట్టినవాడు హీత్‌క్లిఫ్. ప్రోనోట్ల మీద పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో. అందుకే ఈ మూడు లైన్ల దగ్గర మన ప్రేక్షకులకు ఏ వివరణా అక్కర్లేదు, మాట సరిగ్గా పడితే చాలు.

ఇక వంటింటి దృశ్యం. ఎడ్గార్ పెళ్ళి మాట ఎత్తాడని క్యాథీ ఎలెన్‌తో చెబుతుంటుంది, చాటున హీత్‌క్లిఫ్ వింటుంటాడు. అతన్ని చేసుకుంటే దిగజారతానన్న మాట విని వెళ్ళిపోతాడు, ఆ తర్వాతి మాటలు వినడు. సినిమా మొత్తం ఆ కొన్ని సెకన్ల మీద నిలబడి ఉంది. ఇంగ్లీషులో దిగజారడం అన్న మాట ముందొస్తుంది, తెలుగు వాక్యంలో క్రియ చివరికి పోతుంది. మామూలుగా రాస్తే అతను లేచి పోయాక గానీ ఆ మాట తెర మీదకు రాదు. కాబట్టి మాట్లాడుకునే పద్ధతిలో తిప్పేయండి: ‘దిగజారిపోతాను, అతన్ని చేసుకుంటే.’ తర్వాతి మాటను దీనితో కలపకండి, వేరే సబ్‌టైటిల్‌గా విడదీయండి. కలిపితే అతను వినని మాటను ప్రేక్షకుడు అతనితో పాటే చదివేస్తాడు.

ఆ దృశ్యం చివర్లో, మెరుపు మీద, క్యాథీ తానే హీత్‌క్లిఫ్ అంటుంది. ‘నేను హీత్‌క్లిఫ్‌ని’ అంటే పేరు చెప్పుకుని పరిచయం చేసుకున్నట్టుంటుంది. ‘నేనే హీత్‌క్లిఫ్‌ని’ అంటే దొంగ దొరికిపోయినట్టుంటుంది. నా ఓటు ‘హీత్‌క్లిఫ్ అంటే నేనే’కి. మెరుపుకు ఒక్క ఫ్రేము ముందు కూడా అది కనిపించకూడదు. హడావిడిగా టైమింగ్ చేసేవాళ్ళు సబ్‌టైటిల్‌ని మాటకు పావు సెకను ముందే వదిలేస్తుంటారు. మామూలు సంభాషణలో పర్వాలేదు గానీ, ఇక్కడ ప్రాణం పోతుంది.

క్యాథీ పోయాక హీత్‌క్లిఫ్ వేడుకోలు కూడా ఇలాంటిదే. ‘దయ్యమై పట్టు’ అని రాస్తే హాల్లో నవ్వుతారు, మనకు దయ్యం పట్టడానికి వేరే సినిమాలున్నాయి. ‘దయ్యమై వచ్చినా సరే, నన్ను వదిలి పోకు’ అంటే నిలబడుతుంది.

లింటన్ల విందును కిటికీ బయట నుంచి ఇద్దరూ చూసేటప్పుడు లోపలి సందడికి సబ్‌టైటిళ్ళు పెట్టొద్దు. వాళ్ళకు వినపడనిది మనకూ అక్కర్లేదు. వైలర్, టోలాండ్ ఈ సినిమా పొడుగునా గాజునీ గుమ్మాన్నీ మనుషుల మధ్య పెడుతూ పోతారు. అక్షరాలు అడ్డొస్తే కన్ను గాజు దాకా వెళ్ళదు.

సాంకేతికంగా తరచూ చెడేవి ఇవి. మీ దగ్గరున్న కాపీ నిడివి ముందు చూడండి. 104 బదులు దాదాపు 100 నిమిషాలు చూపిస్తే అది సెకనుకు 25 ఫ్రేముల యూరప్ డీవీడీ నుంచి వచ్చింది. 24 ఫ్రేముల కాపీకి చేసిన సబ్‌టైటిళ్ళు దాని మీద పెడితే చివరికొచ్చేసరికి నాలుగు నిమిషాలకు పైగా వెనకబడతాయి. మొదట్లో తేడా కనపడదు, అందుకే పది నిమిషాలు చూసి సరేననుకుంటారు. 23.976కీ 24కీ మధ్య అయితే చివర్లో ఆరు సెకన్ల తేడా. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేట్ మార్చే వీలుంది, మొత్తాన్ని ముందుకో వెనక్కో జరిపితే ఇది సరికాదు.

టైపింగ్ డీటీపీ సెంటర్‌లో చేయిస్తే అను ఫాంట్లలో ఇస్తారు. అది యూనికోడ్ కాదు, సబ్‌టైటిళ్ళు ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైల్లో పిచ్చిగీతలై కూర్చుంటుంది. కన్వర్టర్‌తో మార్చినా ఒత్తుల దగ్గర తప్పులు పడతాయి, మొత్తం మళ్ళీ చదవాలి. మొదటి నుంచే యూనికోడ్‌లో కొట్టించి, ఫైల్ యూటీఎఫ్-8గా దాచండి. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ఆడించే టీవీల్లో చాలావాటికి తెలుగు ఒత్తులు కూర్చడం రాదు, ‘క్క’ విడిపోయి కనిపిస్తుంది. ఆ భయం ఉంటే ‘హ్యాండ్‌బ్రేక్’ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో అక్షరాల్ని బొమ్మలోకే ముద్రించేయండి.

వరుసకు 22, 24 అక్షరాలు దాటకండి, గుణింతం, ఒత్తు కలిసినదాన్ని ఒక అక్షరంగా లెక్కపెట్టండి. రెండు వరుసలు మించొద్దు. పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్లోకి దిగుతాయి, వరుసల మధ్య ఎడం పెంచాలి. నల్ల అంచు లావైతే ప, వ, మ ఒకేలా కనిపిస్తాయి. పలచనైతే మొదటి మంచు దృశ్యంలో తెల్ల అక్షరాలు మాయమవుతాయి. మంచు దృశ్యాన్నే పరీక్షకు పెట్టుకుని అంచు సరిచూసుకోండి.

బొమ్మ ఆకారం 1.37:1. ఫుల్ హెచ్‌డీ తెర మీద మధ్యలో 1480 పిక్సెళ్ళ బొమ్మ, రెండు పక్కలా చెరో 220 నలుపు ఉండాలి. ‘నల్ల గీతలెందుకు’ అని ఎవరో ఒకరు రిమోట్ అందుకుంటారు. వైడ్ నొక్కితే ఓబెరాన్ ముఖం సాగిపోతుంది. జూమ్ నొక్కితే పైనా కిందా కలిపి 23 శాతం పోతుంది. టోలాండ్ పడ్డ శ్రమంతా ఆ ఇంటి పైకప్పు దూలాల్లోనూ, వాటి కింద నలిగిన మనుషుల్లోనూ ఉంది. అదే పోతుంది. ఆరుబయట వేసేట్టయితే మే నెలలో ఏడున్నర దాటనివ్వండి, కొవ్వొత్తి వెలుగు దృశ్యాలకు పూర్తి చీకటి కావాలి.

మొదట్లో వచ్చే రాతలో కథ ‘వందేళ్ళ కిందట’ జరిగినట్టుంటుంది. మన ప్రేక్షకులు ఇప్పటి నుంచి లెక్క వేసుకుంటారు. అందుకని దానికి ముందు ఖాళీ తెర మీద ‘1939’ అని మూడు సెకన్లు చూపించండి.

చివరి మాట ఎలెన్‌ది. డాక్టర్ కెనెత్ హీత్‌క్లిఫ్ చనిపోయాడని చెబితే ఆమె ఒప్పుకోదు, క్యాథీతో ఉన్నాడంటుంది. కథంతా చెప్పిన మనిషి ఆమె. లాక్‌వుడ్‌తో ఆమె హీత్‌క్లిఫ్‌ని ‘అతను’ అనే అనాలి, ‘వాడు’ కాదు, ‘ఆయన’ కాదు. ఆఖరి లైనుకు మాత్రం ‘వాళ్ళిద్దరూ’ అని రాయండి: ‘వాళ్ళిద్దరూ ఇప్పుడే బతకడం మొదలుపెట్టారు.’ తర్వాత బీడు మీద ఇద్దరు నడిచిపోయే షాట్ ఉంటుంది. అది వైలర్ తీసింది కాదు. అతను వద్దన్నా గోల్డ్‌విన్ పట్టుబట్టి, ఒలివియే, ఓబెరాన్‌ల బదులు డూపులతో తీయించి అతికించాడు. ఎలెన్ మాట ఆ షాట్ మొదలయ్యేలోపు తెర మీద నుంచి పోవాలి. లైట్లు వేసేవాళ్ళకు కూడా ముందే చెప్పి ఉంచండి, సంగీతం పూర్తిగా ఆగేదాకా స్విచ్ ముట్టుకోవద్దని.